నొప్పి తగ్గిననాడు నిజం చెప్పిన అనసూర్య గారు

హుస్నాబాద్ రైతు కుటుంబంలో జన్మించిన శ్రీమతి అనసూర్య గారు 1995 జూన్ 12న ఆదిలాబాద్‌లో ఫిజియోథెరపిస్టుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు ఆ విభాగమంటే ఒక బల్ల, రెండు ఇసుక సంచులు, అంతే. 'మాలీష్ మేడం' అని జనం పిలిచినా నొచ్చుకోక, అక్కడా, ఆపై శ్రీరాంపూర్ పరిసరాల్లో నడుములు పట్టేసిన గని కార్మికుల నడుమా ఏండ్ల తరబడి సేవలందించి, 2011లో బదిలీపై మన కరీంనగర్ విభాగానికి విచ్చేశారు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వీడ్కోలు సభలో ఎవరూ కంటతడి పెట్టరాదని ముందే ఆజ్ఞాపించారు గాని, అది మనవల్ల అయ్యే పని కాదు.

ఇక్కడ ఆమె వద్దకు వచ్చినవారిలో అధికులు బీడీలు చేసే స్త్రీలు. పొద్దంతా బాసింపట్టు వేసుకొని, ఒడిలో చాట పెట్టుకొని, ముందుకు వంగి కూర్చునేవారికి గజ్జల్లో పోటు పుడుతుంది. ఆ చోటు పేరు చెప్పడానికి సిగ్గుపడి, కొంగు అడ్డం పెట్టుకొని "కింద నొస్తది" అంటారు. ఆ 'కింద' అన్న మాట వినగానే ఇంటివారికీ, ఊరి ఆర్‌ఎంపీకీ, ఒక్కొక్కప్పుడు పెద్ద చదువుల వైద్యులకూ గర్భసంచి తప్ప మరేమీ తోచదు. అనసూర్య గారు మాత్రం ఖాళీ చాట ఒకటి చేతికిచ్చి, "ఇంట్ల కూసున్నట్టే కూసో బిడ్డా" అని, నొప్పి పుట్టగానే చెయ్యి ఎక్కడికి పోతుందో చూసేవారు.

అట్లా వచ్చిన ఆమె బాలలక్ష్మి. ముప్పై నిండలేదు, పిల్లలు లేరు, భర్త మస్కట్‌లో. ఏడాది కిందటే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు. "సంచి తీసిన్రు మేడం, నొప్పి మాత్రం నన్ను ఇడుస్తలేదు" అన్నది. బల్ల మీద పడుకోబెట్టి, మోకాలిని రొమ్ము వైపు వంచి లోపలికి తిప్పగానే ఆమె పళ్లు బిగించి, "గిదే మేడం, గిదే నొప్పి" అన్నది. వంగినప్పుడల్లా తొడ ఎముక తల తుంటి గుంట అంచుకు ఒరుసుకుంటున్నదని, హిప్ ఇంపింజ్‌మెంటేనని, ఎముకల వైద్యులు వంశీధర్‌రావు గారు ఎక్స్‌రే చూసి నిర్ధారించారు.

ఎత్తు పీట మీద కూర్చోవడం, పిరుదుల, నడుము కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు మొదలయ్యాయి. రోగి కోలుకుంటుంటే దిగులుపడే ఫిజియోథెరపిస్టు ఉంటారా? ఆ నాలుగు నెలలు అనసూర్య గారు దిగులుతోనే ఉన్నారు. నొప్పి తగ్గినకొద్దీ, ఆ గర్భసంచి వట్టి పుణ్యానికి పోయిందన్న సంగతి రుజువవుతూ వచ్చింది. చెప్పాలా, దాచాలా అన్న తండ్లాటతో ఆమెకు అన్నం సయించలేదు. "ఎందుకు చెప్పుడు మేడం? పోయింది మళ్ల రాదు. ఉన్న నిమ్మలం గూడ చెడగొట్టుడే అయితది" అన్నారు వంశీధర్‌రావు గారు. ఆ మాటా నిజమే అనిపించి, ఆమె ఊరుకోవాలని నిశ్చయించుకున్నారు.

నొప్పి పూర్తిగా తగ్గిననాడు బాలలక్ష్మి చెప్పులు తొడుక్కుంటూ ఆగింది. "నొప్పి తుంటిదే అయితే, నా సంచి ఎందుకు తీసిన్రు మేడం?"

దాటవేసే మాటలెన్నో సిద్ధం చేసుకున్నా, అనసూర్య గారు నిజమే చెప్పారు. "తీసే అవసరం లేకుండె బిడ్డా" అన్నారు.

బాలలక్ష్మి ఏడవలేదు. "గప్పుడు మీరు యాడున్నరు మేడం?" అని మాత్రం అడిగి వెళ్లిపోయింది. సంచి తీసిన ఆ ఆసుపత్రి మన విభాగానికి రెండు వీధుల అవతలే.

ఆ మరుసటి వారమే అనుమతి సంపాదించి, అనసూర్య గారు స్త్రీల వైద్య విభాగం గుమ్మం పక్కనే ఒక బల్ల వేయించుకున్నారు. గర్భసంచి తీయాలని రాసిన ప్రతి స్త్రీ తుంటినీ ముందు తాము చూసేవారు. ఏడాదికి పైగా కనిపించని బాలలక్ష్మి ఒకనాడు పక్కింటి కోమలను వెంటబెట్టుకొచ్చింది. "ఎల్లుండి గీమెకు సంచి తీస్తరట. జర చూడున్రి మేడం" అన్నది. కోమలదీ తుంటి నొప్పే. ఆపరేషన్ ఆగింది.

తర్వాత కోమలకు ఆడపిల్ల పుట్టింది. ఆ పసిదాన్ని తెచ్చి ఎత్తుకొమ్మంటే, పక్కన నిలబడ్డ బాలలక్ష్మిని చూసి అనసూర్య గారికి చేతులు రాలేదు. బాలలక్ష్మే పాపను అందుకొని ఆమె ఒడిలో పెట్టింది. "ఎత్తుకోన్రి మేడం. నన్ను జూసి ఆగకున్రి" అన్నది. ఎన్నడూ ఎవరి ఎదుటా ఏడవని అనసూర్య గారు ఆనాడు వెక్కి వెక్కి ఏడ్చారు.

ఆమె స్థానంలో ఇంతవరకు ఎవరినీ నియమించలేదు. ఒకటో తారీఖు నుంచి ఫిజియోథెరపీ గదికి తాళమే. అనసూర్య గారికి భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యాన్నీ, నిండు నూరేండ్ల ఆయుష్షునూ ప్రసాదించాలని చేతులెత్తి ప్రార్థిస్తున్నాం. ఈ ప్రార్థనలో మన స్వార్థమూ ఉన్నది. కొంగు చాటున నొప్పి దాచుకొని వచ్చే ఆడబిడ్డకు ఇకమీదట ఆమె ఇంటి దారి చూపించడం తప్ప మనకు మరో దిక్కు లేదు.