ఎలుగుబంటి మీద సముద్రం దాటిన తొకుజి

చేపల ఫ్యాక్టరీలోకి పొట్టలు చీల్చే మిషను వచ్చాక తొకుజికి పని పోయింది. మిషనుకు ఆకలి వెయ్యదు, సెలవడగదు, జిందాబాదులు కొట్టదు. అందుకే యజమానులకు అదంటే అంత ముద్దు. తొకుజికి మాత్రం ఆకలేస్తుంది, పైగా నోరుంది. పనిచేసే చేతుల్ని వీధిలో పారేసిన లోకానికి, ఆ చేతులున్నవాడు నాలుగు కోతలు కోస్తే తప్పుపట్టే హక్కెక్కడిది?

ఆ వేళ ఉత్తర జపానులోని రౌసు రేవంతా పొగమంచు. వంటకి అమ్మే సముద్రపు నాచు ఆరదు, పడవ కదలదు. జనమంతా వేడినీటి ఊట తొట్టి చుట్టూ చేరి, పంట్లాలు మోకాళ్ళదాకా మడిచి, కాళ్ళు ముంచుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఫుసా మామ్మ కూడా ఉంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన షిరెతోకో కొస దగ్గర, రోడ్డు ఆగిపోయాక ఇంకా పగలంతా బండల మీద నడిస్తే వచ్చే చోట, ఆమెకొక నాచుపాక ఉంది. వేసవంతా అక్కడ ఒంటరిగా ఉండి నాచు ఆరబెట్టే మనిషి కావాలి ఆమెకు. రేపే ప్రయాణం. ఎలుగుబంట్లు తిరిగే చోటని ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.

తొకుజి సరిగ్గా ఆమె ఎదుట కాళ్ళు ముంచాడు. ఈ పని ఇవాళ దొరక్కపోతే ఊరు విడిచిపోవాల్సిందే.

"ఆ కొసన ఒక్కణ్ణే ఓ రాత్రి పడుకొచ్చాను లెండి," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"ఎప్పుడ్రా?" అన్నాడు పడవ నడిపే సదకిచి.

"మంచు కరిగాక, అన్నా. వీపున గుడారం, ఎలుగు వాసన పట్టకుండా ఇనప డబ్బాలో అన్నం ముద్దలు, ఊరవేసిన రేగుపళ్ళు. సముద్రం వెనక్కి తగ్గే వేళ చూసుకుని బండలు పట్టుకు పాక్కుంటూ పోయాను. కొసన గుడారం వేసి, చారు కాచుకు తాగి, పడుకున్నాను."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అంది మంగలి షాపు కియోయె.

తొకుజి ఓరకంట మామ్మను చూశాడు. ఆమె కాలి వేళ్ళ సందులు తోముకుంటోంది. నడిచివెళ్ళి పడుకోవడం పట్నం కుర్రాళ్ళు కూడా చేస్తారు. ఇది చాలదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుడారం బయట గుర్రుమని ఊపిరి! తల బయటపెట్టి చూద్దును కదా, ఎలుగు! ఎంతుందంటావు? ఈ తొట్టంత... ఛ, తొట్టెక్కడ, ఆ చేపల లారీ అంత! నేను లేచి, ఒరేయ్, ఎవరనుకున్నావు, రౌసు తొకుజినిరా, కూర్చో, అన్నాను. కూర్చుంది. పాపం ఆకలిమీదుందని ఒక రేగుపండు పెట్టాను. ఆ పులుపుకి మొహం ఇలా పెట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకోటి అడిగింది!"

"మాటల్లోనే అడిగిందా?" అన్నాడు సదకిచి.

"చెయ్యి చాపిందన్నా! అన్నిటికీ మాటలు కావాలా? ఇంతలో పోటు తన్నుకొచ్చింది. వెనక నిట్టనిలువు కొండ, ముందు నీళ్ళు, గుడారం కొట్టుకుపోయింది. ఏం చేస్తాను? ఎలుగు మీదెక్కాను. అది ఈదుతోంది, నేను మెడ పట్టుకుని కుడి, ఎడమ అని చెబుతున్నాను. అప్పుడేమైందో తెలుసా? ఇటు రెండు, అటు రెండు తిమింగలాలు! పెళ్ళికొడుకుని ఊరేగిస్తున్నట్టు! ఒకదాని వీపు చదునుగా ఉంటే, దానిమీద పొయ్యి వెలిగించి మళ్ళీ చారు కాచాను."

"దానికి చురుక్కుమనలేదూ?" అంది కియోయె నవ్వాపుకుంటూ.

"చన్నీళ్ళ జీవం కదక్కా, హాయిగా ఉందని ఇంకాస్త పైకి తేలింది!"

మామ్మ రెండో కాలు మొదలుపెట్టింది. తొకుజి గుండె జారింది. గుండె జారినకొద్దీ గొంతు లేచింది.

"తిన్నగా ఎదురుగా రష్యావాళ్ళ చేతిలో ఉన్న కునాషిరి దీవికే చేరాం! ఒడ్డున రష్యా సిపాయిలు. తుపాకులెత్తారు, ఎలుగుని చూశారు, వెంటనే మడమలు కొట్టి సెల్యూట్! ఎందుకో తెలుసా? చీకట్లో అది చలిటోపీ పెట్టుకున్న పెద్దాఫీసరనుకున్నారు! దానికి జాము కలిపిన టీ ఇచ్చారు. నన్ను దాని గుమాస్తా అనుకున్నారు, ఒట్టి టీ ఇచ్చారు. అక్కడ కూడా అంతే, పనంతా మనది, జాము పైవాడిది! తెల్లారేలోపు తిరిగొచ్చి గుడారంలో ముసుగుతన్నాను. ఎలుగు బయట కాపలా."

"గుడారం కొట్టుకుపోయిందన్నావుగా?" అన్నాడు సదకిచి.

తొకుజి కాళ్ళతో నీళ్ళు చిమ్మాడు. "పోయింది. తిమింగలం పంటికి తగిలించుకుని తెచ్చిచ్చింది. ఉతికి!"

తొట్టిలో నీళ్ళు ఒలికేటట్టు నవ్వారు. మామ్మ నవ్వలేదు. మొదటిసారి తలెత్తింది.

"ఒరే అబ్బాయ్. దారిలో మాట్లాడుతూనే నడిచావా?"

చివరికి అడిగింది! తొకుజి మొహం విప్పారింది. "ఒక్క క్షణం ఆపలేదు మామ్మా! నాతో నేనే. బండలతో, గుడారం గుంజలతో. నిద్రలోనూ అంతే, కావాలంటే మా ఆవిడనడుగు."

"కోసేవాడు కోస్తే కొండైనా తెగుతుందని మురిసిపోకు," అంది మామ్మ. "కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆ కొసనే నాచు ఆరబెడుతున్నాను. మనిషి అలికిడి వింటే చాలు, ఎలుగు చెట్లలోకి తప్పుకుంటుంది. నడిచేవాళ్ళు నడుముకి గంటలు కట్టుకునేది అందానికనుకున్నావా? నిద్రలో కూడా ఆగని నోరు నీది. నీ దగ్గరికి ఎలుగొచ్చి రేగుపండు తిన్నదా? నీ జన్మలో ఎలుగు తోకైనా చూసుండవు. ఇక చూడవు కూడా."

సదకిచి నవ్వలేక డొక్కలు పట్టుకున్నాడు. తొకుజి మెల్లగా నీళ్ళలోంచి కాళ్ళు తీసి, తుడుచుకోకుండానే బూట్లలో దూర్చాడు. పని పోయింది. ఈసారి మిషను కూడా అక్కర్లేకపోయింది.

"ఎక్కడికి?" అంది మామ్మ. "పరుపూ దుప్పటీ కట్టుకుని పొద్దున్నే రేవుకి రా. గంటలు తెచ్చి తెచ్చి విసిగిపోయాను, ఉప్పుగాలికి తుప్పు పడతాయి. నీ నోటికి పట్టదుగా."

తొకుజికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అయ్యాక కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే ఇంకేదో తట్టి, మొహం రంగు వెలిసిపోయింది.

"మామ్మా, వేసవంతా అక్కడ నేనొక్కణ్ణేనా? ఎవరూ లేనిచోట ఇవన్నీ ఎవరికి చెప్పను?"

"ఎలుగులకే చెప్పు," అంది మామ్మ, కాళ్ళు తుడుచుకుంటూ. "ఒక్కటి కూడా చివరిదాకా ఉండి వినకుండా చూసుకో. నీకు కూలి అందుకే."