పెద్ద కట్టు కింద

న్యూ సౌత్ వేల్స్‌లో ఒక ఆసుపత్రి. పేగు క్యాన్సర్‌కి ఆపరేషనైన మర్నాడు. గొర్రెల ఉన్ని కత్తిరించే డార్సీ మంచం మీద ఉన్నాడు. అతని భార్య నోలా పక్క కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది.

“చెయ్యి తియ్, డార్సీ. కట్టు ముట్టుకోకు.”

“ఒక్క మూల. ఒక్క మూల ఎత్తి చూస్తా, అంతే.”

“మాటిచ్చావుగా ఆ పరిశోధన డాక్టర్లకి.”

“ఇచ్చాను, ఇచ్చాను. సగం మందికి పొట్ట కోస్తారట, సగం మందికి చిల్లులు పెట్టి గొట్టాలతో చేస్తారట. ఎవరికేదో చీటీ వేసి తేలుస్తారట. ఎవరు ముందు కోలుకుంటారో చూడాలని అందరికీ పొట్టంతా కప్పేసే ఒకే కట్టు. నర్సులకీ తెలీకూడదు, నాకూ తెలీకూడదు. బానే ఉంది. పొట్ట మాత్రం నాది కాదూ?”

“తెలిస్తే ఏం చేస్తావ్?”

“కోతైతే ఈ ఏడు గొర్రెల షెడ్డు మొహం చూడక్కర్లేదు. రోజంతా నడుం వంచి గొర్రెని అదిమి పట్టాలి, కుట్లు ఊరుకుంటాయా? చిల్లులైతే వసంతానికల్లా ఉన్ని కత్తిరించే మిషన్ పట్టేస్తా. నాకు తెలియాలి, నోలా.”

“డాక్టరమ్మ వస్తుందిగా. ఆవిణ్ణే అడుగు.”

“పొద్దున్నించీ వస్తుంది, వస్తుంది అంటూనే ఉన్నావ్. ఏంటి నీ గొడవ? టీ కూడా తాగలేదు.”

“చల్లారిపోయింది.”

“అదిగో, మూల లేచింది. ఆగాగు... కోత లేదు. నోలా, కోత లేదు. మూడు చిల్లులు, అంతే. నా చేతిలో గొర్రెలకి పడే గాట్లే ఇంతకంటే పెద్దవి.”

“మూసెయ్, డార్సీ.”

“చీటీ నాకే పడింది, చూశావా? మేస్త్రీ రెక్స్‌కి ఫోన్ చెయ్. నా చోటు ఎవడికీ ఇవ్వొద్దను... నవ్వవేం? ఏడుస్తున్నావా?”

“లేదు.”

“మరేంటది?”

“మూసెయ్. నీకు పుణ్యముంటుంది.”

“వీటిల్లో నా చిటికెన వేలు కూడా పట్టదు.”

“పడుకో కాసేపు.”

“గడ్డ నిమ్మకాయంత ఉందన్నారు. చుట్టూ పేగుతో సహా తీసేస్తామన్నారు. ఇందులోంచి ఎలా వచ్చింది?”

“డాక్టరమ్మని పిలుస్తా.”

“కూర్చో. నిన్ను అడుగుతున్నా. ఎలా వచ్చింది?”

“రాలేదు, డార్సీ. కెమెరా పెట్టి చూశారు. పొట్టంతా పాకిపోయిందట. ఏదీ తియ్యకుండానే మూసేశారు.”