ఎనిమిదో పాఠం

అది 2005. నర్సీపట్నం బస్టాండు దగ్గర మేడ మీది కంప్యూటర్ సెంటర్లో వెబ్ డిజైన్ నేర్చుకుంటున్న నూకరత్నం, అందరూ వెళ్లిపోయాక మాస్టారి ముందు నిలబడింది. సోమవారం విశాఖపట్నంలో ఆమెకు ఉద్యోగ పరీక్ష.

"సార్, పరీక్షలో వెబ్ పేజీలు కట్టమంటారంట. బటన్ నొక్కితే ఇంకో పేజీ ఎలా వస్తాదో నాకింకా తెలీదు."

"వచ్చే వారం సెప్తానమ్మా."

"అప్పటికి పరీక్ష అయిపోతాది. ఆరు నెలలు మాకవరపాలెం నుంచి వచ్చేను. ఈ ఉద్యోగం రాకపోతే మా ఆయన జీడిపిక్కల పనికి పంపేత్తానన్నారు. ఇప్పుడే సెప్పండి."

"ఇప్పుడు కుదరదు."

"ఏటండీ, నాకు బుర్ర లేదనా?"

మాస్టారు సొరుగులోంచి లావుపాటి పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. నూకరత్నం తిరగేసింది. ఏడు పాఠాల నిండా పెన్సిలు గీతలు. బటన్ల గురించిన ఎనిమిదో పాఠం నిండా ప్రశ్న గుర్తులు. ఆ తర్వాత పేజీలన్నీ కొత్తగానే ఉన్నాయి.

"మీకూ రాదా సార్?"

"ఒక్కో పాఠం ముందు నేను సదువుకుని, తర్వాత మీకు సెప్పేవోణ్ణి. ఇది పది రోజులైనా అర్థం కాలేదమ్మా."

ఆమె పుస్తకాన్ని ఆయన వైపు తోసింది.

"ఈ ఊళ్లో ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

నూకరత్నం కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మూడు రోజులున్నాయి. అర్థం కాకపోయినా మీరు పైకి సదవండి. నేను కొట్టి సూస్తాను."

మాస్టారు తడబడుతూ చదివారు. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి, బటన్ నొక్కింది. పేజీ కదల్లేదు.

"మొదట్నుంచి సదవండి సార్" అంది, కళ్లు తుడుచుకోకుండానే.