అత్తయ్యగారు తిన్న చీజ్

అమెరికాలోని ట్రాయ్ నుంచి ఫార్మ్‌లు చూడటానికి పొద్దున్నే బయలుదేరిన ఆ కుటుంబానికి అది మూడో ఫార్మ్. చీజ్ అమ్మే కొట్టు బయట భార్యాభర్తలు గొంతు తగ్గించి వాదించుకుంటున్నారు.

"పన్నీర్ లాంటిదే, తినమ్మా అన్నది మీరే."

"నువ్వైనా లేబుల్ చదవచ్చుగా?"

"శాంపిల్ ప్లేట్‌కి లేబులెక్కడుంటుంది? పాలు గడ్డకట్టడానికి కోసిన దూడ పొట్టలోంచి తీసింది కలుపుతామని కొట్టావిడ ఇప్పుడేగా చెప్పింది!"

"అమ్మ ఎన్ని ముక్కలు తింది?"

"నాలుగు. గుడ్డుందేమోనని మనవరాలి బర్త్‌డే కేకే ముట్టని మనిషి."

"ఇండియా నుంచి వచ్చి నెలైంది. నోరు తెరిచి ఇంకొంచెం పెట్టమని అడగడం ఇదే మొదటిసారి. చెప్పకపోతే?"

"అత్తయ్యగారు ఇంటికి పెద్ద ముక్క కొనమంటున్నారు. రోజూ నా చేత్తో పెట్టమంటారా?"

"చెబితే ఇక మజ్జిగన్నం తప్ప ఏదీ ముట్టదు. నీ వంటనీ అనుమానిస్తుంది."

"అటు చూడండి. మన వర్షతో కలిసి దూడకి సీసాతో పాలు పడుతున్నారు."

అతను అటు తిరిగి చూశాడు. తర్వాత నెమ్మదిగా వాళ్ళ దగ్గరికి నడిచాడు.

"మిగతా ఫార్మ్‌లకి వెళ్ళట్లేదు, ఇంటికెళ్ళిపోదాం. కారెక్కే ముందు, అమ్మా, నువ్వు తిన్నదాంట్లో ఏముందో చెప్పాలి."