ఆరంటే ఎవరూ అడగరు

అమెరికాలో, డులూత్‌లోని మానసిక చికిత్స కేంద్రం బయట, మంచు పట్టిన ట్రక్కులో తండ్రీ, పదిహేడేళ్ళ కూతురూ కూర్చున్నారు. వారానికి మూడు సాయంత్రాలు ఆమెకిక్కడ చికిత్స. ఇవాళ మొదటిసారి తండ్రుల్నీ తల్లుల్నీ కూడా పిలిచి, వేరే గదిలో కూర్చోబెట్టారు.

“మిమ్మల్నీ అడిగారా నాన్నా, ఎలా ఉన్నారో పదికి ఎంతో చెప్పమని?”

“అడిగారు. నువ్వెంత చెప్పావు?”

“మొదట్నుంచీ ఆరే చెబుతూ వచ్చాను.”

“ఆరంటే బాగానే ఉన్నట్టేగా!”

“ఆరంటే ఎవరూ ఏమీ అడగరు. నాలుగంటే పక్కకి పిలుస్తారు, తొమ్మిదంటే నమ్మరు. ఆ ఆరుతోనే నెట్టుకొచ్చి, చివరికి ఆస్పత్రిలో కళ్ళు తెరిచాను.”

“అదిప్పుడెందుకులే.”

“ఎందుకా? అప్పట్నుంచి రాత్రుళ్ళు నా గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నావు. నాకు తెలీదనుకున్నావా?”

“నడుం నొప్పే. మంచం మీద నిద్ర పట్టట్లేదు.”

“మూడు నెలల నుంచా?”

“సరే, ఇవాళెంత చెప్పావో అది చెప్పు.”

“మూడు. నిజం చెప్పడం ఇదే మొదలు.”

“మంచి పని చేశావు తల్లీ.”

“మరి నువ్వు?”

“ముందు బెల్టు పెట్టుకో.”

“ఎంత చెప్పావు నాన్నా?”

తండ్రి ఇంజన్ స్టార్ట్ చేసి, అద్దం మీద మంచు తుడవడానికి వైపర్లు వేశాడు.

“ఆరు.”

ఆమె చెయ్యి చాచి ఇంజన్ ఆపేసి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుంది.

“దిగు. డాక్టరమ్మ ఇంకా లోపలే ఉంది. వెళ్ళి నిజం చెప్పిరా. గుమ్మం ముందు కుర్చీ వేసుకుని నేను కూర్చుంటాను.”