నెత్తిన అరచెయ్యి

హలో… ఆ, నేనే వదినా, బైండింగ్ షాపు నుంచి, రొదకి గుమ్మంలోకొచ్చి చేస్తున్నా… లేదు, ఎవరికీ ఏం కాలేదు. నాకున్న భయం ఒక్కటేగా — మావాడికి అసలు మాటలు రావేమోనని. రెండున్నరేళ్లు నిండాయి, నోట్లోంచి 'అమ్మ' అన్న మాటైనా ఊడిపడలేదు…

తెలుసు, మీ తమ్ముడూ ఆలస్యంగానే మాట్లాడారు. ఇప్పుడు మాట్లాడేదీ అంతంతమాత్రమే…

నవ్వకండి, వినండి. మాటలు ఎక్కణ్ణుంచి పుట్టాయో చెప్పే పుస్తకమొకటి బైండింగుకి వచ్చింది. పొద్దుట్నుంచి అందులో ఒకటే ఫారం, అదే అచ్చుకాగితం, మడతపెడుతున్నా. ఎనిమిదితో బడి మానేసినదాన్నే, అయినా ఒకే పేజీ ఆరొందలసార్లు కళ్లముందుకొస్తే కంఠతా రాదూ… 'ఇన్‌ఫాంట్' అని, ఇంగ్లీషులో పసిబిడ్డ. వీడు పుట్టినప్పుడు ఆస్పత్రి చీటీ మీద రాసింది ఆ మాటే.

లాటిన్‌లో దానర్థం ఏమిటో తెలుసా… 'మాట్లాడనివాడు'. పుట్టగానే రాసి మరీ చేతిలో పెట్టారు…

ఫ్రెంచివాళ్లకి వట్టి పిల్లాడేనట, ఎంత వాగినా సరే. స్పానిష్‌లో రాజుగారి కొడుకు. ఇటలీవాళ్లైతే ఆ మాట తల తెగ్గోసి — మా కటింగ్ మిషను మీద పెట్టినట్టు — కాలిబంటుని చేసేశారు…

అవును, అత్తయ్య ఎప్పుడూ అంటారుగా, వీడు మహారాజు, నోరు విప్పకుండానే అన్నీ అమరుతాయని. ఆవిడకి స్పానిష్ వచ్చని నాకేం తెలుసు…

వాణ్ణి షాపుకి తేకుండా ఇంట్లో వదలడం ఇవాళే మొదటి రోజు. మిషన్ల రొదలో ఉంచొద్దు, ఇంట్లో ఎవరో ఒకరు వాడితో మాట్లాడుతూనే ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ పని అత్తయ్యకి అప్పజెప్పాం. మీ అమ్మేగా, మీకు తెలియందేముంది…

అదే చెప్తున్నా. ఇందాక ఆవిడే ఫోన్ చేశారు. వాడు అరచెయ్యి నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడట. తీస్తే మళ్లీ పెడుతున్నాడట. పేలేమోనని దువ్వెన పట్టారట…

పేలు కాదు వదినా. ఇక్కడ ఒకరి మాట ఒకరికి వినపడదు, అన్నీ చేతులతోనే. రెండు వేళ్లు చూపిస్తే జిగురు. పిడికిలి చూపిస్తే, కానివ్వమని. అరచెయ్యి నెత్తిన పెడితే… 'ఆపు' అని. కత్తి కింద ఎవరి చెయ్యైనా పడేలా ఉంటే అలా పెడతారు. అది చూస్తే ఎక్కడివాళ్లు అక్కడ ఆగాల్సిందే…

ఇక్కడా చేసేవాడు. పెద్దాళ్లని చూసి ఆడుతున్నాడని నవ్వుకున్నాం…

అవును. ఏడాదిగా నా పక్కన అట్టపెట్టెలో కూర్చుని నేర్చుకున్నదే వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. నేనే, వాడి నోటి వంక చూస్తూ కూర్చున్నా…

ఏడవట్లేదు. జిగురు ఘాటు…

అత్తయ్యకి చేశాను, ఎత్తట్లేదు. వాడితో మాట్లాడుతూ ఉండుంటారు. ఒక్కసారి మేడ దిగి చూడండి వదినా. చెయ్యి ఇంకా నెత్తినే ఉంటే, దేన్ని ఆపమంటున్నాడో చూడండి — ఫ్యానో, కుక్కరో… అత్తయ్యో. ముందు మీరూ మీ చెయ్యి నెత్తిన పెట్టుకోండి. విన్నారని తెలుస్తుంది వాడికి…

మేస్త్రి పిడికిలి చూపిస్తున్నాడు, ఉంటా… వెళ్తారుగా, ఇప్పుడే —