తొమ్మిదో ప్రశ్న

ఆదివారం సాయంత్రం, నల్లపాడులో ఓ మేడ మీద అద్దె ఇల్లు. వీరబాబు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. బజ్జీల పళ్ళెంతో వచ్చిన నాగజ్యోతి అతని భుజం మీంచి తొంగి చూసింది.

"ఆగండాగండి. 'ఈ కోడ్ లైబ్రరీని ఇక చూసుకునేవాళ్ళు లేరు' అని రాశారేంటి? మీరున్నారుగా!"

"ఉన్నాను. తిండి కూడా తినాలిగా, జ్యోతీ."

"తినండి. నోరు తెరవండి. ఊఁ... ఇప్పుడు చెప్పండి. ఆరేళ్ళు రాశారు కదా దాన్ని?"

"ఏడు. బిల్లుల మీద తెలుగు ఒత్తులు విరక్కుండా పడాలంటే ఆ కోడే కావాలి. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చన్నా. అందరూ ఊరికే తీసుకున్నారు."

"మా నాన్న మిర్చి యార్డు చీటీ కూడా దాంతోనేగా! ఊరంతా చూపించా, ఈ అక్షరాలు మా ఆయనవి అని. మా బాబాయి, 'అయితే రేటు కూడా కాస్త మార్చమనవే' అన్నాడు!"

"రేటు నా చేతిలో లేదమ్మాయ్. ఏదీ నా చేతిలో లేదు. రోజుకి నలభై ఫిర్యాదులు. నాతోపాటు చూసే మెహర్ కూడా ఉద్యోగం వచ్చి మానేశాడు. ఇక నేనూ అంతే."

"మా ఊళ్ళో పంట కాలువ పూడిక తీయాలంటే ఎకరానికింతని అందరూ వేసుకుంటారు. వాడుకునే కంపెనీలని అడగండి."

"రెండేళ్ళు అడిగా. ఒక్కళ్ళు ఒప్పుకున్నారు. ఏడాదిపాటు జీతంలా ఇస్తామన్నారు."

"మరి చెప్పరేం! పెళ్ళయి మూడు వారాలేగా, అప్పుడే దాచడాలా?"

"మొన్న రద్దు చేశారు."

"రద్దా? ఎవరు వాళ్ళు?"

"ఉన్నార్లే. మంగళగిరి వైపు."

"మంగళగిరేనా! మా ఆఫీసూ అక్కడేగా. పేరు చెప్పండి, రేపు లంచ్‌లో వెళ్ళి దులిపేసొస్తా."

"వద్దులే. ఆ ఉల్లిపాయలు ఇటివ్వు."

"ఇవ్వను. ఎందుకు రద్దు చేశారో చెప్పండి."

"అప్లికేషన్లో తొమ్మిదో ప్రశ్నకి 'లేరు' అని రాశా. మొన్న 'ఉన్నారు' అని దిద్ది పంపా. అలాంటివాళ్ళకి ఇవ్వకూడదని వాళ్ళ రూలు."

"దిద్దడమెందుకు? ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"అబద్ధమవుతుందిగా."

"అయ్యో పిచ్చి మారాజా! ఇంతకీ ఏంటా ప్రశ్న?"

"'మా సంస్థలో మీ కుటుంబసభ్యులు ఎవరైనా పనిచేస్తున్నారా?'"

"అక్కడ మీకెవరున్నారండీ?"

"మూడు వారాల కిందటి దాకా ఎవరూ లేరు."